వరండాలో సీరియల్

తొట్టిలో నానేసిన పేముబద్ద వేలికి చుడితే విరక్కుండా వంగిందంటే సీరియల్ టైమైనట్టే. గడియారంతో పేమక్కకి పనిలేదు. మధ్యాహ్నం భోంచేసి బద్దలు నీళ్ళలో వేస్తుంది, ఒక కునుకు తీస్తుంది, లేచి వరండాలో చాప మీదికి చేరుతుంది. బద్ద వంగుతుంది, రేడియో మీట తిరుగుతుంది, సీరియల్ మొదలవుతుంది. ఏళ్ళ తరబడి ఈ మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి.

ఆ రేడియో అన్ని రేడియోల్లాంటిది కాదు. పాటలూ వార్తలూ వచ్చే బ్యాండ్లు కాక దానికి ఇంకో బ్యాండు ఉంది. ముల్లు దాని మీదికి జరిపితే టీవీలో మాట్లాడే మాటలన్నీ బొమ్మ లేకుండా వినిపిస్తాయి. పుట్టుకతోనే చూపు లేని మనిషికి బొమ్మతో పనేముంది? హాల్లో తమ్ముడూ మరదలూ టీవీలో ఏం చూసుకుంటే అది చూసుకునేవాళ్ళు, వరండాలో పేమక్క తన సీరియల్ తను వినేది. ఒకరి దారికి ఒకరు అడ్డం లేరు. ఒక ఇంట్లో రెండు టీవీలున్నట్టే లెక్క, కాకపోతే రెండోదాన్ని టీవీ అని ఎవరూ అనుకోలేదు.

ఆ సాయంత్రం పేమక్క సెలూను కుర్చీ అల్లుతోంది. నిలువు వరసలూ అడ్డం వరసలూ అయిపోయాయి, ఏటవాలు వరస మొదలుపెట్టింది. బద్దకి ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు. నునుపు పైకి వచ్చిందా లేదా అని గోటితో గీకి చూసుకుని, చట్రం చిల్లులోంచి లాగి, జారిపోకుండా చెక్కచీల బిగించింది. తడిచెయ్యి తుడుచుకుని రేడియో పెట్టింది.

సుయ్‌మంది.

బ్యాటరీ అనుకుంది. మార్చింది. ఏరియల్ అనుకుంది. తిప్పింది, వంచింది, గోడకి ఆనించింది. పాటల బ్యాండులో పాట శుభ్రంగా వస్తోంది, వార్తల బ్యాండులో వార్త వస్తోంది, టీవీ బ్యాండులో మాత్రం ఆ చివర్నించి ఈ చివరిదాకా ఒకటే సుయ్యి. సీరియల్లో ప్లీడరు తాత నిన్ననే మంచం ఎక్కాడు. కొడుకులిద్దరూ ఇంటి మధ్యలో గోడ కడుతుంటే ఆ ముసలాయన తన మంచం సరిగ్గా గోడ రావలసిన చోట వాల్చి పడుకున్నాడు. లేస్తాడా, లేపుతారా? ఆ ముక్క తెలియకుండా పేమక్కకి ముద్ద దిగేట్టు లేదు.

తమ్ముడు ఆఫీసునించి వచ్చి చెప్పులు విప్పుతూనే సంగతి చెప్పాడు. పాత పద్ధతి ఆపేశారట. ఇకమీదట టీవీకి కొత్త పెట్టె ఉంటేనే ఏదైనా వచ్చేది. మనింట్లో పెట్టె వారం కిందటే పెట్టించాం కదా, మర్చిపోయావా అన్నాడు.

పేమక్క మర్చిపోలేదు. ఆ ప్రకటన నెలల తరబడి విన్నది, అదీ ఈ రేడియోలోనే. పాత ప్రసారాలు ఆగిపోతాయి, పెట్టె తీసుకోండి, బొమ్మ అద్దంలా ఉంటుంది అని సీరియల్ మధ్యలో రోజూ చెవిలో జోరీగలా మోగేది. బొమ్మలున్నవాళ్ళ బాధ మనకెందుకని పక్కింటివాళ్ళతో వేళాకోళం కూడా ఆడింది. తన పీట కింద నీళ్ళొస్తున్నాయని చెప్పినా వినిపించుకోని మనిషిని ఎవరు బాగుచేస్తారు? ఆ పూట తనని తాను తిట్టుకోవడంతోనే సరిపోయింది.

అంతకంటే పెద్ద చిక్కు తెల్లారింతర్వాత వచ్చింది. బిస్కెట్ ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు చేసే ఆడవాళ్ళు కొందరు ఆ వీధిలో ఉన్నారు. సీరియల్ వచ్చే వేళకి వాళ్ళు బిస్కెట్లు డబ్బాల్లో సర్దుతుంటారు. పొద్దున పిల్లల్ని బడికి దింపి తిరిగొస్తూ పేమక్క మెట్ల మీద కూర్చుంటారు. నిన్న ఏమైంది అని ఒకరు అడుగుతారు, పేమక్క చెబుతుంది. అరగంట సీరియల్ ఆమె నోట ముప్పావుగంట అవుతుంది. తాత దగ్గు దగ్గుతుంది, పెద్దకొడుకు నంగి మాటలు ఆడుతుంది, చిన్నకోడలి వెక్కిళ్ళు వెక్కుతుంది. వాళ్ళలో ముందుండేది వసపిట్ట. ఆ పేరు పెట్టింది పేమక్కే, అంత వాగుతుంది ఆ మనిషి. అలాంటి వసపిట్ట కూడా ఆ ముప్పావుగంట నోరు మూసుకుంటుంది.

కళ్ళు లేవే పాపం అని ఎవరూ అనని చోటు లోకంలో పేమక్కకి ఆ వరండా ఒక్కటే ఉంది. అక్కడ ఆమె దగ్గర ఉన్నదాని కోసం వస్తారు. అందుకే ఆ పొద్దున తాత సంగతి అడిగినప్పుడు రేడియో పోయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిన్న తలనొప్పి, వినలేదు అంది. వసపిట్ట అయ్యో అని, రేపైనా చెప్పక్కా అని, బిస్కెట్ పొడి వాసన వదిలి వెళ్ళిపోయింది.

పేమక్క ఊరుకునే మనిషి కాదు. ఆ రోజే తమ్ముడి చేత ఒక పూట సెలవు పెట్టించి పెట్టెలిచ్చే ఆఫీసుకి తీసుకెళ్ళింది. లైను మెల్లగా కదిలింది. కౌంటరు వెనక గుమాస్తా గొంతు చిన్నది, మర్యాదైనది. తలుపు నంబరు అడిగాడు, మీ ఇంటికి పెట్టె ఇచ్చేశాం కదమ్మా అన్నాడు.

"అది వాళ్ళ టీవీకండీ. నాకొకటి కావాలి. నాది రేడియో."

రేడియోకి పెట్టెతో పనిలేదని, అది మామూలుగానే వస్తుందని ఆయన నచ్చజెప్పాడు.

"నాది రావట్లేదండీ. నేను టీవీ చూసేది దాంట్లోనే."

వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. తమ్ముడి చెయ్యి ఆమె మోచేతి మీద బిగుసుకుంది. గుమాస్తా నవ్వలేదు. ఇంకా మెత్తగా, ఇది ప్రేక్షకుల కోసం పెట్టిన ఏర్పాటమ్మా, ఇంటికి ఒకటే, మీకెందుకు ఈ ఇబ్బంది అన్నాడు. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. మెత్తగా చెప్పినవాణ్ణి ఏం చేస్తాం? పేమక్క కౌంటరు అంచు పట్టుకున్న చెయ్యి తీసేసి వెనక్కి తిరిగింది.

దారిలో తమ్ముడు సముదాయించాడు. హాల్లో వచ్చి కూర్చో అక్కా, నిన్నెవరు వద్దన్నారు అన్నాడు. నిజమే, వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. వద్దనకపోవడం వేరు, అది నీదే అనడం వేరు. ఆ తేడా చెబితే తమ్ముడు నొచ్చుకుంటాడని పేమక్క నోరెత్తలేదు.

ఆ సాయంత్రం వెళ్ళి హాల్లో కూర్చుంది. తడిబద్దలు హాల్లోకి తేకూడదు, నేల మరకలు పడుతుంది. చేతుల్లో ఏమీ లేకుండా కూర్చోవడం ఆమెకి రాదు. వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి. తమ్ముడు వార్తలు చూసే వేళ అది. అక్క కోసం మానుకున్నాడు. మానుకున్నాడన్న సంగతి అతని ఊపిరిలో వినిపిస్తోంది. మరదలు మంచిది, ఆమెకి అన్నీ చెప్పాలని తాపత్రయం. "వదినా, పెద్దకొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. నీలంచొక్కా. కొత్తది. బొమ్మ ఎంత బాగుందంటే తాత చెంప మీద పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది." పుట్టుమచ్చ సంగతి తెలిసింది కానీ ఆ లోపల తాత అన్న మాట పోయింది. ప్రకటనలు రాగానే తమ్ముడు ఒక్క నిమిషమని వార్తల్లోకి వెళ్ళాడు. ఆ నిమిషం నిమిషంలా తిరిగి రాలేదు. వచ్చేసరికి సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు, ఎందుకో తెలియలేదు. నీలంచొక్కావాడు వెళ్ళిపోయాడని మరదలు చెప్పింది.

మర్నాడు పొద్దున పేమక్క ఆ విన్న ముక్కలకి అతుకులేసి చెప్పింది. అతుకు తెలియకుండా బద్దకి బద్ద కలపడం ఆమె వృత్తే కదా. వసపిట్ట ఏమీ కనిపెట్టలేదు. నీలంచొక్కా అనగానే మాత్రం, నీకు రంగెలా తెలిసిందక్కా అంది. వాళ్ళే అనుకున్నారులే అని పేమక్క తప్పించుకుంది.

ఆ సాయంత్రం హాల్లోకి రమ్మని మరదలు పిలిచింది. కుర్చీ రేపటికి ఇవ్వాలి, కుదరదంది పేమక్క. కుర్చీకి ఆ తొందరేమీ లేదు. వరండాలో కూర్చుని ఏటవాలు వరస రెండో దిక్కునించి అల్లుతూ, హాల్లోంచి ఏదైనా వినిపిస్తుందేమోనని చెవొగ్గింది. వార్తలు వినిపించాయి. ఒకాయన అరుస్తుంటే ఇంకొకాయన అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు. చేతిలో బద్ద ఆరిపోయి పుటుక్కున విరిగింది. ఆమె చేతిలో బద్ద విరగడం ఎప్పుడోగానీ జరగదు.

తెల్లారేసరికి మెట్ల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. నిన్న ఏమైందక్కా?

ఏమీ వినలేదని మళ్ళీ చెబితే రేపూ అదే చెప్పాలి, ఎల్లుండీ అదే. పేమక్క గొంతు సర్దుకుని మొదలుపెట్టింది. చిన్నకోడలు తాతకి అన్నం తీసుకొచ్చిందని, ఆయన తిననన్నాడని, తాపీమేస్త్రీ వచ్చి మంచం చుట్టూ ముగ్గేసినట్టు ఇటుకలు పేర్చి వెళ్ళాడని చెప్పింది. అంతా గాల్లోంచి. చెబుతుంటే బాగానే ఉంది, చెప్పాక నోరు చేదుగా అయింది. ఇన్నేళ్ళలో ఆమె దగ్గు కలిపింది, వెక్కిళ్ళు కలిపింది గానీ జరగనిది జరిగిందని ఎన్నడూ చెప్పలేదు. అబద్ధమాడి నిలబెట్టుకోవడం కంటే బరువైన పని లేదు. ఇవాళ ఇటుకలు పేర్చినవాడు రేపు వాటిని ఏదో ఒకటి చెయ్యాలి.

ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఒకటే దారి కనిపించింది. కథ అయిపోతే ఎవరూ అడగరు. ఎవరూ అడగకపోతే అబద్ధం చెప్పక్కర్లేదు. రేడియో పోయిందనీ, పెట్టె ఇవ్వలేదనీ, లైన్లో నవ్వారనీ ఎవరికీ తెలియక్కర్లేదు.

పొద్దున వంటింట్లో మరదలు గిన్నెలు తోముతోంది. కొళాయి ధారగా పడుతోంది. వసపిట్టా మిగతావాళ్ళూ మెట్ల మీద సర్దుకున్నారు. పేమక్క ఏటవాలు వరసలో బద్దని కిందినించి పైకి లాగుతూ, తలెత్తకుండా చెప్పడం మొదలుపెట్టింది.

ప్లీడరు తాతకి తెల్లవారుజామున దగ్గు ఆగిందట. ఇంట్లో అందరికీ ఆ దగ్గు అలవాటు, ఆగేసరికి అందరికీ మెలకువొచ్చింది. గోడకి అటువైపునించి పెద్దకొడుకు వచ్చాడు, ఇటువైపునించి చిన్నకొడుకు వచ్చాడు. మంచానికి చెరో పక్కా నిలబడ్డారు. తాత చెయ్యి ఇటుకల మీద ఉంది.

మెట్ల మీద ఎవరో ముక్కు ఎగబీల్చారు. పేమక్కకి ముసలాయన్ని నిజంగానే చంపుతున్నట్టుంది. ఆపలేక త్వరత్వరగా పూర్తిచేసింది. కొడుకులిద్దరూ ఆ ఇటుకలు తమ చేతుల్తోనే తీసేశారు, గోడ పడగొట్టారు, కలిసిపోయారు.

"అంతే. శుభం. రేపటినించి రాదు."

వసపిట్ట నెమ్మదిగా అడిగింది.

"అంత తొందరగా అయిపోయిందా అక్కా? దూరమైన కూతురు రానేలేదే."

"కూతురు రాలేదు." పేమక్క ఆ కూతుర్ని మర్చేపోయింది. "అన్నీ కలిసిరావుగా."

"మరి రేపటినించి మేం పొద్దున..." అని వసపిట్ట ఆగిపోయింది. లేచి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. వెళ్తూ ఒకామె పేమక్క భుజం మీద చెయ్యేసి నొక్కింది, ఇంట్లో మనిషి పోతే వేసినట్టు. ఆ చెయ్యి తీశాక పేమక్కకి దుఃఖం వచ్చింది. ఉన్న ఒక్క వరండానీ చేతులారా ఖాళీ చేసుకుంది.

అప్పుడు విన్నది, వంటింట్లో గిన్నె చప్పుడు లేదు. కొళాయి మాత్రం పారుతూనే ఉంది. నిండిపోయిన గిన్నెలోంచి నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి. కొళాయి కట్టడానికి మరదలికి చాలాసేపు పట్టింది.

ఆ రోజంతా మరదలు ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది. సీరియల్ సంగతి ఇంట్లో కళ్ళున్నవాళ్ళకి తెలుసు. అది నిన్నా వచ్చింది, ఇవాళా వస్తుంది. మరదలు నిజం తెలిసి ఊరుకుందో, తెలిసి లోపల నవ్వుకుంటోందో తేల్చుకోలేక పేమక్క కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. కునుకు తీయలేదు. అలవాటు చొప్పున బద్దలైతే నానేసింది.

సాయంత్రం హాల్లో ఏదో జరుపుతున్న చప్పుడైంది. టీవీ బల్ల నేల మీద గీసుకుంది. తర్వాత మరదలి అడుగులు వరండాలోకి వచ్చాయి. చేతిలో ఏదో బరువుంది, వెంట తీగలు నేల మీద ఈడ్చుకుంటున్నాయి.

"వదినా, మీ రేడియో వెనక రెండు చిల్లులుండాలి. ఎక్కడున్నాయి?"

"కింద, కుడిపక్క. ఎందుకూ?"

ఆ రెండు చిల్లులూ పేమక్క వేళ్ళకి ఏళ్ళుగా తెలుసు, దుమ్ము తుడుస్తుంటే తగిలేవి. ఎందుకున్నాయో మాత్రం తెలియదు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది అని మరదలు చెప్పింది. పెట్టె బిగించడానికి వచ్చినవాడు టీవీకి మూడు తీగలు పెట్టాడట. ఎరుపూ తెలుపూ మాటలకి, పసుపుది బొమ్మకి అన్నాడట. టీవీ ఏరియల్ తీగ ఎలాగూ డాబా మీదినించి ఈ వరండా కిటికీలోంచే హాల్లోకి పోతోంది, దాన్ని ఇక్కడే పెట్టెకి తగిలిస్తే సరి.

"పసుపుది మనకి అక్కర్లేదు" అంది మరదలు. ఆ తీగని పక్కకి చుట్టిపెట్టింది.

మనకి అన్న మాట పేమక్క చెవిలో పడింది. మరదలు రేడియో వెనక వంగి తీగలు గుచ్చుతూ, ముఖం ఇటు తిప్పకుండానే మాట్లాడింది.

"పొద్దున మీరు దాన్ని ముగించేస్తుంటే నాకు చేతులాడలేదు వదినా. ఆ పెట్టె హాల్లో పెట్టించింది నేనే. మీకూ ఒక టీవీ పోతోందని నాకు తట్టనే లేదు."

"నాకే తట్టలేదు, నీకేం తడుతుంది" అంది పేమక్క. చెయ్యి చాచి రేడియో వెనక మరదలి వేళ్ళని పట్టుకుని, చిల్లు ఉన్న చోటికి నడిపించింది. రెండోది బిగుతుగా ఎక్కింది. రేడియో పక్కన ఎన్నడూ పనిపడని మీట ఒకటుంది, దాన్ని జరపమంది మరదలు.

సుయ్యి లేదు. మొదట అదే వింతగా అనిపించింది. ఇన్నేళ్ళూ సీరియల్ అంటే వెనకాల సన్నగా ఒక గాలిహోరు ఉండేది, అది ఆ ఇంటి గాలేమో అనుకునేది పేమక్క. ఇప్పుడు ఆ ఇల్లు కడిగినట్టుంది. ఎవరో నడుస్తున్నారు. నడిచేది తాతే. చెప్పుల్లేని కాళ్ళు, ఒక కాలు కొంచెం ఈడుస్తోంది. ఆయన కాలీడుస్తాడని ఇన్నేళ్ళలో ఆమెకి తెలియలేదు.

వీధి గేటు తీసిన చప్పుడైంది. తమ్ముడు ఆఫీసునించి వచ్చి, హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టి, సిగ్నల్ లేదంటోందేంటని కేకేశాడు. పెట్టె ఏదని అడిగాడు. వరండాలో ఉందని, రోజూ ఈ అరగంట ఇక్కడే ఉంటుందని, వార్తలు ఎక్కడికీ పారిపోవని మరదలు చెప్పింది. అతను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. బొమ్మ లేకుండా ఎలా చూస్తారే అన్నాడు. లోపల ఒక్కడే నల్లటి టీవీ ముందు కూర్చుని ఏం చేస్తాడు? కాసేపు అటూ ఇటూ మసిలి, గడప మీద చతికిలబడ్డాడు.

రేడియోలో మనుషులు ఒకరి మీద ఒకరు మాట్లాడుకుంటున్నారు. పేమక్కకి ఎవరి గొంతు ఎవరిదో కొట్టినపిండి. తమ్ముడికి అంతా ఒకటే గోల. కాసేపు ఉగ్గబట్టాడు, తర్వాత మెల్లగా అక్క దగ్గరికి జరిగాడు.

"ఆ దగ్గేది ఎవరక్కా?"

పేమక్క ఆ దగ్గు మొత్తం అయ్యేదాకా, అటు తిరిగి గొంతు సవరించుకునేదాకా విన్నది. బిస్కెట్ ఫ్యాక్టరీలో వసపిట్ట ఈపాటికి డబ్బాలు సర్దుతూ, పోయిన ఈ ముసలాయన సంగతి ఎంతమందికి చెప్పి ఉంటుందో.

"పొద్దున నేను చంపినాయన" అంది.

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. తమ్ముడికి తలా తోకా తెలియలేదు. ఇద్దరివైపూ తిరిగాడు. అంతలో రేడియోలో ఇటుక మీద తాపీ గీసిన చప్పుడు, ఆ వెనకే తలుపు తోసుకుని ఎవరో వచ్చి నిలబడ్డ చప్పుడు. ఆడమనిషి ఊపిరి. ఇప్పుడెవరొచ్చారక్కా అన్నాడు తమ్ముడు. అప్పటికే గొంతు తగ్గించాడు.

"కూతురు. ఊరుకోరా, విననీ."

అతను ఊరుకున్నాడు. పేమక్క తొట్టిలో చెయ్యి పెట్టి ఒక బద్ద తీసి వేలికి చుట్టి చూసింది. రేపు పొద్దున మెట్ల మీదికి వాళ్ళని తనే పిలవాలి. రేడియో పోయిన సంగతి దగ్గర్నించి మొదలుపెట్టి అంతా చెప్పాలి. బద్ద విరక్కుండా వంగింది.